జెయ్దాన్ కోసిన గొట్టాలు

జెయ్దాన్ అంటే మా వీధిలో ఎవరికీ గిట్టదు. ఆయనకీ ఎవరూ గిట్టరు. ఈ ఒక్క సంగతిలో రెండువైపులా ఎప్పుడూ పేచీ రాలేదు.

ఆయన షెడ్డూ నా పంక్చర్ల కొట్టూ ఒకే గోడకి అటొకటి, ఇటొకటి. పొద్దున్నే నేను కంప్రెసర్ ఆన్ చేశానంటే చాలు, గోడ అవతల నుంచి అరుపు వచ్చేది. "ఒరేయ్ గాలోడా! ఆపరా ఆ గోల. ఇంజను ఏం చెబుతోందో వినపడి చావడం లేదు." టైర్లలో గాలి కొట్టేవాణ్ణి కాబట్టి గాలోణ్ణి. ఆ మాటకున్న ఇంకో అర్థం కూడా ఆయన ఉద్దేశంలో ఉందని నాకు తెలుసు. నా పేరు బర్కా అని ఇన్నేళ్ళలో ఆయన నోటివెంట ఒక్కసారీ రాలేదు.

మా ఎడారి ఊరు అతార్‌కి వచ్చే లారీలు, పికప్పులు, ముసలి జీపులు అన్నీ మా వీధికే చేరతాయి. సముద్రం అవతల ఎవరో వాడి వదిలేసిన బండి ఓడెక్కి ఇక్కడ దిగుతుంది. వాళ్ళు ఇక పనికిరాదనుకున్నదాన్ని మేం ఇసుకలో ఇంకో తరం తిప్పుతాం. అలాంటి బండికి దగ్గూ ఉంటుంది, మూలుగూ ఉంటుంది. వాటి దగ్గర మాత్రం జెయ్దాన్ నోరు మూసుకునేవాడు. బానెట్ మీద అరచెయ్యి ఆనించి, తల వంచి, కళ్ళు మూసుకుని వినేవాడు. తర్వాత తలెత్తి యజమాని వంక చూసేవాడు. అప్పుడు మొదలయ్యేది. "బండికి ఏమైంది?" అని ఏ రోజూ అడగలేదు. "ఏం చేశావు దీన్ని?" అని అడిగేవాడు.

ఒకసారి టిజిక్జా వైపు నుంచి ఒకాయన పికప్పు తెచ్చాడు. ఇంజను వేడెక్కి దారిలో ఆగిపోతోందన్నాడు. జెయ్దాన్ స్టార్టు చేయించి వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

"పొగ ఏ రంగులో వస్తోంది?"

"తెల్లగా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"గుర్తు లేదు. రేడియేటర్లో రోజూ కాసిని నీళ్ళు పోస్తే నడుస్తోంది కదా అని..."

"రోజూనా! ఒంటె కూడా రోజూ నీళ్ళు తాగదయ్యా. నీ బండి తాగుతుంటే నీకు అనుమానం రాలేదూ? హెడ్ గాస్కెట్ పోయింది. నీళ్ళు సిలిండర్లోకి దిగుతున్నాయి. ఇంకొన్నాళ్ళు ఇలాగే తోలితే హెడ్డు వంకరపోయేది, నీ బుర్రలాగ."

వచ్చినాయన గొప్పింటివాడు. వేసుకున్న నీలం దర్రా అంగీ మెడ చుట్టూ బంగారు రంగు కుట్టుపని. మొహం కందగడ్డలా అయింది. కానీ బండి వదిలి ఎక్కడికి పోతాడు? పని అయ్యేదాకా నా కొట్టు నీడలో కూచుని పళ్ళు కొరుకుతూ టీ తాగాడు.

నీలం పొగ వస్తే ఇంజను నూనె తాగుతోందనీ, నల్లపొగ వస్తే దానికి ఊపిరాడటం లేదు, ఫిల్టర్‌లో ఇసుక దులపాలనీ, గుంటల్లో టంగుమని మోగితే ముందు షాఫ్టు జాయింట్లు పట్టుకుని ఊపి చూడాలనీ, ఇవన్నీ మేం ఆయన తిట్ల నుంచి ఏరుకున్నవే. అలాగని ఆయన చెప్పిందల్లా నిజమూ కాదు. ఒకసారి గేర్‌బాక్సులో మోత అని మొత్తం దింపి, విప్పి, నేలంతా పరిచాడు. మోత గేర్‌బాక్సుది కాదు, దాని వెనక షాఫ్టు మధ్యలో ఉండే బేరింగుది. అన్నీ తిరిగి ఎక్కించాక కూడా ఒప్పుకోలేదు. "ఎలాగూ దాన్ని కడగాల్సిందేగా" అన్నాడు. నేను నవ్వితే స్పానర్ విసిరాడు.

జెయ్దాన్‌ది కొలిమి కులం. తాతలు కత్తులు, తాళాలు, ఒంటె జీనులకి ఇనప కొక్కేలు చేసేవాళ్ళు. లారీలు వచ్చాక కొలిమి వదిలి వాటి కింద దూరారు. మా దగ్గర కొలిమివాళ్ళతో అందరికీ పనే. వాళ్ళింటికి పిల్లనివ్వడానికి మాత్రం ఎవరూ ఉండరు. వాళ్ళ సాక్ష్యం చెల్లదని పాతకాలపువాళ్ళు ఇప్పటికీ గొణుగుతారు. పని చేయించుకునేంతసేపూ ఉస్తాద్ అని పిలిచి, బండి మలుపు తిరగ్గానే నవ్వుకునేవాళ్ళని ఆయన చిన్నప్పటి నుంచీ చూశాడు. వాళ్ళు నవ్వేలోపు తనే తిట్టేద్దామని అలా తయారయ్యాడని నేననుకుంటాను. కాకపోవచ్చు కూడా. కొందరు పుట్టడమే అలా పుడతారు.

ఆయన భార్య తెక్బర్ తోలుపని చేసేది. దిండ్లు, పొగాకు సంచులు, ఎర్రతోలుని సన్నగా కోసి జడలా అల్లిన తాళ్ళు. ఆ అల్లిక ఆమెది తప్ప ఇంకెవరిదీ కాదని చూడగానే తెలిసిపోయేది. తల్లి పోయాక తమ్ముడు వెద్దాదీని ఆమే సాకింది. సిదాతీ అనే వర్తకుడి లారీ మీద వెద్దాదీ డ్రైవరు. అతార్ నుంచి షింగెట్టికి, అమోజ్జార్ కనుమ మీదుగా. పైఊళ్ళ ముసలమ్మలకి మందులు మోసుకెళ్ళేవాడు, పెళ్ళిళ్ళకి డప్పు వాయించేవాడు, నడిచిపోయేవాళ్ళు కనిపిస్తే బస్తాల మీదికి ఎక్కించుకునేవాడు. ఊరంతటికీ ముద్దు. బావ తిట్లకి కూడా పకపకా నవ్వేవాడు. ఆ నవ్వే జెయ్దాన్‌కి కడుపుమంట.

గెత్న రోజులు, అంటే ఖర్జూరాలు కోతకొచ్చే ఎండాకాలం. బండి రేకు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. వెద్దాదీ ముందు చక్రాలకి కొత్త బ్రేక్ లైనర్లు వేయించుకోవడానికి వచ్చాడు. ఆ పని ముగించాక జెయ్దాన్ వెనక ఎడమ చక్రం లోపలివైపు వేలు పెట్టి రాసి, వాసన చూశాడు.

"ఇది చెమర్చింది. సిలిండర్లో రబ్బర్లు పోయాయి, బ్రేక్ ఆయిల్ కారుతోంది. నా దగ్గర రబ్బర్లు లేవు. నువాక్షోత్ నుంచి తెప్పించు. అవి వచ్చేదాకా కనుమ ఎక్కకు."

"ఖర్జూరాలు ఆగుతాయా బావా? సిదాతీ రేపే లోడెత్తమన్నాడు."

"అయితే ఈ బ్రేకు మీద సిదాతీనే కనుమ దిగమను."

"నువ్వు చెప్పినట్టు వింటే అతార్‌లో ఒక్క చక్రం తిరగదు" అని వెద్దాదీ నవ్వాడు. పక్కన టీ తాగుతున్న డ్రైవర్లూ నవ్వారు.

జెయ్దాన్ చేతిలో గుడ్డ నేలకేసి కొట్టాడు.

"నువ్వు డ్రైవరువట్రా? స్టీరింగు పట్టుకున్న ప్రతివాడూ డ్రైవరేనా? అక్క కొంగు పట్టుకుని తిరిగిన సన్నాసివి, పెళ్ళిళ్ళలో డప్పు కొట్టుకో పో. నీ చేతికి బండిచ్చిన సిదాతీకి బుద్ధి లేదు, నీకు పిల్లనిచ్చేవాడెవడో వాడికి అంతకన్నా ఉండదు. మళ్ళీ ఈ గుమ్మం తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతా. కారితే నువ్వే బాగు చేసుకో. చేతులున్నాయిగా, డప్పు కొట్టే చేతులు!"

వెద్దాదీ మొహంలోంచి నవ్వు దిగిపోవడం నేనప్పుడే చూశాను. "సరే బావా, మళ్ళీ రాను" అన్నాడు. బండెక్కి వెళ్ళిపోయాడు.

షింగెట్టి నుంచి ఖర్జూరం బస్తాలతో తిరిగి వస్తూ ఆ లారీ కనుమలో పడింది. పక్కన కూర్చున్నది సిదాతీ మేనల్లుడు లెమీన్. బస్తాల మీద ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఉన్నారు. సగం దిగాక వెద్దాదీ కిటికీలోంచి తల బయటికి పెట్టి, "బ్రేకు లేదు, దూకండి!" అని అరిచాడట. పైనున్నవాళ్ళు ఒకరి మీదొకరు దూకి బతికిపోయారు. వాళ్ళు దూకేదాకా బండిని రాతిగోడకి రాపాడిస్తూ, లోయ వైపు పోకుండా పట్టుకున్నాడట. తర్వాతి మలుపులో ఇక పట్టుకోలేకపోయాడు. అతనూ లెమీనూ ఇద్దరూ పోయారు.

బతికినవాళ్ళు ఊళ్ళోకి వచ్చి చెప్పింది ఒకే మాట. బ్రేకు లేదని అరిచాడు. ఆ బ్రేకులు మొన్ననే ఎవరు బిగించారో అందరికీ తెలుసు. మధ్యాహ్నానికల్లా జెయ్దాన్ షెడ్డు రేకుల మీద రాళ్ళు పడ్డాయి. టీ కాచే ఆవిడ ఆయనకి గ్లాసు ఇవ్వనంది. సిదాతీ పదిమందిని వెంటేసుకుని వచ్చాడు.

"నా మేనల్లుణ్ణి చంపావురా!"

"బండిని తీసుకురా. అందరి ముందూ విప్పుతా."

"విప్పి ఏం చెబుతావు? కొలిమివాడి మాట ఎవడిక్కావాలి?"

"నా మాట వినొద్దు. కళ్ళున్నాయిగా, చూడు."

వెనక చక్రం కారుతోందని జెయ్దాన్ ముందే చెప్పాడు, నేను విన్నాను అని నేను మధ్యలోకి వెళ్ళాను. సిదాతీ నన్ను ఎగాదిగా చూసి, "పక్క కొట్టువాడివి, పక్కవాడికే పలుకుతావు" అన్నాడు. అప్పుడు నవ్విన డ్రైవర్లు అక్కడే ఉన్నారు. ఒక్కడూ నోరు మెదపలేదు.

కొలిమివాళ్ళ పెద్ద బెయ్బా జెయ్దాన్‌ని పక్కకి పిలిచి నచ్చజెప్పాడు. తప్పు డ్రైవరుదైనా మెకానిక్‌దైనా లెమీన్ ఇంటివాళ్ళకి రక్తపరిహారం కట్టుకోవలసింది కొలిమి ఇళ్ళవాళ్ళే. ఇద్దరూ వాళ్ళ మనుషులేగా. "ఎటూ మనమే కడతాం. చచ్చిపోయినవాడి మీదికి ఎందుకు తోస్తావు? పదిమందిని బతికించి పోయాడు. ఆ పేరైనా వాడికి ఉండనీ" అన్నాడు. జెయ్దాన్ ఆయన మాట పూర్తికాకుండానే లేచి వచ్చేశాడు.

ఆ తర్వాత తెక్బర్ అడగడం గోడ ఇవతల నుంచి నేను విన్నాను. అరవలేదు. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయి ఉంది.

"ఒప్పుకో."

"ఏమని?"

"నీ పనే సరిగా లేదని. వాడికి ఇక మిగిలింది పేరొక్కటే. నువ్వెలాగూ అందరికీ చెడ్డవాడివే. ఇంకాస్త చెడ్డవాడివైతే నీకేం తరిగిపోతుంది?"

"నేను బిగించిన బ్రేకు పోయిందని నేను చచ్చినా అనను."

"వాడి కోసం కాదు. నా కోసం అను."

"ఎవరి కోసమూ అనను."

తుక్కయిన లారీని రెండు లారీలు ఇనపతాడుతో మా వీధిలోకి లాక్కొచ్చాయి. తీర్పు చెప్పడానికి ఖాజీగారు నా కొట్టు ముందు చాప మీద కూర్చున్నారు. ఒక పక్క సిదాతీ మనుషులు, ఇంకో పక్క కొలిమివాళ్ళు, గోడవారగా ఆడవాళ్ళు. ఒంటికి చుట్టుకునే మెల్ఫాని మొహం మీదికి లాక్కుని తెక్బర్ వాళ్ళ మధ్యన నిలబడింది. జాకీ పట్టుకోవడానికి కూడా ఎవరూ ముందుకి రాలేదు. నేను వెళ్ళాను. "పక్కకి తప్పుకో గాలోడా, సరిగా పట్టుకోవడం రాదు నీకు" అన్నాడు, అంతమందిలోనూ.

ముందు చక్రాలు ఊడదీశాడు. డ్రమ్ములు కాలి నెమలికంఠం రంగుకి తిరిగాయి. లైనర్లు గాజులా నున్నగా మెరుస్తున్నాయి. కానీ ఒక్క రివెట్టూ కదల్లేదు, సిలిండర్లు పొడిగా ఉన్నాయి. వాటిని ఖాజీగారి ముందు గుడ్డ మీద పెట్టాడు. "ఇవి నేను వేసినవి. కాలిపోయాయి. ఊడలేదు, కారలేదు. ఇంతలా ఎందుకు కాలాయో వెనక చూడాలి."

మేకతోలు పరుచుకుని వెనక చక్రాల కిందికి దూరాడు. తర్వాత బయటికి వచ్చి ఆడవాళ్ళ వైపు చూశాడు. తెక్బర్ కూడా ఆయన్నే చూస్తోంది. ఏదో ఒకటి చెప్పి అక్కడితో ఆపేస్తాడనిపించింది నాకు. ఆపలేదు.

"ఖాజీగారూ, మీరే వచ్చి చూడండి."

ఖాజీగారు మోకాళ్ళ మీద వంగి చూశారు. ఆయన వెనక సిదాతీ చూశాడు. ఎడమ చక్రానికి బ్రేక్ ఆయిల్ తీసుకెళ్ళే సన్నటి రాగి గొట్టాన్ని చక్రం దగ్గర ఊడదీసి, కొస రెండు మడతలు మడిచి, సుత్తితో నలగ్గొట్టి ఉంది. అది వేలాడకుండా ఇరుసుకి కట్టి ఉంది. కట్టింది ఎర్రతోలు తాడుతో. జడలా అల్లిన తాడు.

గుంపులో గుసగుస మొదలైంది. ఆ అల్లిక ఎవరిదో చెప్పక్కర్లేదు.

"కారుతోందని గొట్టం మూసేశాడు" అన్నాడు జెయ్దాన్. "ఇక ఆ చక్రానికి బ్రేకు లేదు. దాని బరువంతా మిగతా మూడింటి మీద పడింది. బండి నిండా లోడు. సగం కనుమ దిగేసరికి ముందువి కాలిపోయి పట్టు వదిలేశాయి. అప్పుడు తొక్కితే పెడలు దిగుతుంది కానీ బండి ఆగదు."

అక్కడితో చాలు. ఖాజీగారు కూడా చాలన్నట్టు చెయ్యెత్తారు. కానీ జెయ్దాన్ లారీలోకి ఎక్కి గేర్‌బాక్సు పైమూత విప్పాడు. "ఇది కూడా చూడండి. మూడో గేరులో ఉంది. రెండులో దిగుంటే ఇంజనే పట్టి ఉంచేది. వాడు డ్రైవరు కాడని నేను ముందే చెప్పాను."

ఎవరో రాయి విసిరారు. ఆయన చెవి పక్కన తగిలి నెత్తురు కారింది. ఖాజీగారు లేచి నిలబడి, తప్పు మెకానిక్‌ది కాదని అందరికీ వినపడేలా చెప్పి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. రెండు పక్షాలవాళ్ళూ జెయ్దాన్‌ని తిడుతూనే చెదిరిపోయారు. నిజం తేలాక ఆయన మీద కోపం తగ్గుతుందనుకున్నాను. పెరిగింది.

తెక్బర్ మాత్రం వెళ్ళలేదు. లారీ కిందికి వంగి, తోలు కోసే కత్తితో ఆ తాడు కోసి చేతికి చుట్టుకుంది. నేను పనిముట్లు ఏరుతున్నాను కాబట్టి ఆమె అన్నది నాకు వినపడింది.

"కారితే నువ్వే బాగు చేసుకో అన్నావట. బాగు చేసుకున్నాడు. షింగెట్టిలో బండి ఆపి, నీకు కబురు పెడదామా అని చాలాసేపు అనుకున్నాడట. దూకి బతికిన ముసలమ్మ చెప్పింది. మా బావ మళ్ళీ పదిమందిలో తిడతాడు అన్నాడట. గొట్టం వాడే నలగ్గొట్టాడు, ఒప్పుకుంటా. సుత్తి వాడి చేతికిచ్చింది నువ్వు."

జెయ్దాన్ చెవి దగ్గర నెత్తురు తుడుచుకోకుండానే గేర్‌బాక్సు మూత తిరిగి బిగించడం మొదలుపెట్టాడు. ఆమె ఆ సాయంత్రమే తోలు పనిముట్లు మూటగట్టుకుని ఊరి చివర పిన్నమ్మ ఇంటికి వెళ్ళిపోయింది. విడాకులు అడగలేదు, తిరిగీ రాలేదు. మా దగ్గర అలిగి వెళ్ళిన భార్యని బతిమాలి తెచ్చుకోవడం మొగుడికి చిన్నతనం కాదు, అందరూ చేసేదే. జెయ్దాన్ వెళ్ళలేదు.

కొన్నాళ్ళు షెడ్డుకి ఒక్క బండీ రాలేదు. తర్వాత రాక తప్పలేదు. పక్క వీధిలో విప్పడం వచ్చినవాళ్ళున్నారు కానీ ఇంజను మాట వినగలిగినవాడు లేడు. వచ్చి, పని చేయించుకుని, నేల మీద ఉమ్మేసి పోయేవాళ్ళు. ఆయన వాళ్ళ చక్రాల మీద ఉమ్మేవాడు.

అప్పుడే ఆయనకో కొత్త పిచ్చి పట్టింది. కనుమ వైపు పోయే బండ్లు తెల్లవారుతుండగా ఊరి చివర పోలీసులు దారికి అడ్డంగా కట్టిన గొలుసు దగ్గర వరసగా ఆగుతాయి. జెయ్దాన్ మేకతోలు చంకన పెట్టుకుని అక్కడికి వెళ్ళేవాడు. ఎవరినీ అడక్కుండా ఆగిన లారీ కిందికి దూరేవాడు. అన్నీ బాగుంటే దులుపుకుని లేచి ఇంకో దాని కిందికి పోయేవాడు. ఎక్కడన్నా నలగ్గొట్టిన గొట్టం కనిపించిందా, యాక్సా బ్లేడు తీసి మడతకి ఇవతల కోసేసేవాడు. బ్రేక్ ఆయిల్ అంతా ఇసుకలోకి కారిపోయేది.

"ఏం చేశావురా ముసలాడా!" అని డ్రైవరు నెత్తి బాదుకునేవాడు.

"మూడు చక్రాల బ్రేకుతో దిగుదామనుకున్నావుగా. ఇప్పుడు ఒక్కటీ లేదు. వెళ్ళు చూద్దాం! వెళ్ళలేవుగా? అయితే షెడ్డుకి తొయ్యి."

"నీ బావమరిదిని చంపింది చాలలేదా, మా పొట్టలు కూడా కొడతావా?"

ఆ మాట ప్రతి డ్రైవరూ అనేవాడు. దానికి మాత్రం ఆయన బదులు తిట్టేవాడు కాదు. బ్లేడు తుడుచుకుని ఇంకో బండి కిందికి దూరేవాడు. సరుకు ఆగిపోతోందని వర్తకులు పోలీసులకి మొరపెట్టుకున్నారు. పోలీసులు రెండుసార్లు ఆయన్ని చెయ్యి పట్టుకుని వీధి చివరదాకా దిగబెట్టారు. మర్నాడు మళ్ళీ అక్కడే. చుట్టూ తిట్లు, కాలితో ఇసుక ఎగదన్నడాలు. ఒకడు ఆయన కింద ఉండగానే ఇంజను స్టార్టు చేశాడు.

అలా కొన్నేళ్ళు గడిచాక ఒక చలికాలం పొద్దున స్నేబా అనే డ్రైవరు చేతికి జెయ్దాన్ చిక్కాడు. స్నేబా ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, వెంట ఇద్దరు తమ్ముళ్ళు. బ్లేడు గొట్టం మీద పెట్టీ పెట్టకముందే కాళ్ళు పట్టి బయటికి ఈడ్చారు. నేను అటువైపు టైరు దొర్లించుకుపోతున్నాను. చూసేసరికి ఇసుకలో ముద్దగా పడి ఉన్నాడు, ముగ్గురూ తంతున్నారు. వరసలో ఉన్న మిగతా డ్రైవర్లు ఆపలేదు. "బాగా అయింది" అన్నాడొకడు. నేను వెళ్ళి స్నేబా చెయ్యి పట్టుకుంటే నన్నూ ఒక్క తోపు తోశాడు.

పిన్నమ్మ ఇల్లు అక్కడికి దగ్గరే. తోలు ఆరేసే కర్ర చేతపట్టుకుని తెక్బర్ పరుగెత్తుకొచ్చింది. మెల్ఫా జారి మెడ చుట్టూ పడింది. వస్తూనే స్నేబా వీపు మీద ఒకటి వేసింది.

"వదలండిరా! ఆయన మీద పగ నాది. మీకెవరిచ్చారు?"

"అక్కా, నీ తమ్ముణ్ణి అంతమందిలో..."

"నా తమ్ముడి పేరెత్తావంటే పళ్ళు రాలగొడతా. నీ బండికి గొట్టం మూసుకున్నావా లేదా? అది చెప్పు ముందు."

స్నేబా తల దించుకున్నాడు. తెక్బర్ మొగుడి వైపు తిరిగింది. ఇన్నేళ్ళకి ఆయనతో అన్న మొదటి మాట ఇది.

"లే. ఇక్కడ చచ్చి తప్పించుకుందామనా? నీకూ నాకూ తేలాల్సింది చాలా ఉంది."

జెయ్దాన్ లేవలేకపోయాడు. ఎడమ భుజం కిందికి వేలాడుతోంది. నోట్లో నెత్తురు ఉమ్మి, "ఇంకా కొయ్యలేదు" అన్నాడు. "రెండు మడతలు వేశాడు."

ఆమె ఇసుకలో పడి ఉన్న బ్లేడు తీసుకుంది. మెల్ఫా నడుముకి బిగించి లారీ కిందికి దూరింది. అక్కడున్న మగవాళ్ళంతా నోళ్ళు తెరుచుకుని చూశారు.

"ఏది?" అని కింద నుంచి కేక.

"ఎడమ చక్రం. ఇరుసు వెంబడి వస్తుంది చూడు, సన్నటిది. అది కాదు! అది హ్యాండ్‌బ్రేకు తీగ, కళ్ళు కనపడవా నీకు?"

"నోర్ముయ్! చీకటిగా ఉందిక్కడ."

"పైకి, పైకి. రాగిది."

కోసిన చప్పుడు వినపడింది. బ్రేక్ ఆయిల్ ఇసుకలోకి కారింది. ఆమె మోచేతుల దాకా మసితో బయటికి వచ్చి, మడత వేసిన ముక్కని స్నేబా కాళ్ళ దగ్గర పడేసింది. ఆ ముక్కనే కాసేపు చూస్తూ నిలబడింది. తర్వాత నేనూ ఆమే చెరో పక్కా పట్టుకుని జెయ్దాన్‌ని ఇంటికి చేర్చాం.

ఎముక కట్టేవాడు వచ్చి భుజం కట్టాడు. తెక్బర్ జ్రీగ్ కలిపి, ఆ మజ్జిగ గిన్నె ఆయన నోటికి అందిస్తూ అంది. "నిన్ను క్షమించాననుకోకు."

"ఎవరడిగారు?"

"అడగవు. అడిగే రకమైతే నా తమ్ముడు బతికుండేవాడు."

గిన్నె పక్కకి నెట్టేస్తాడనుకున్నాను. నెట్టలేదు. తలొంచుకుని తాగాడు. గిన్నె ఖాళీ అయ్యాక, "రమ్మని నేనే కబురు పెట్టాల్సింది వాడికి" అన్నాడు. ఆమె విననట్టే గిన్నె కడగడానికి వెళ్ళింది. విన్నది. వాకిట్లో గిన్నె పట్టుకుని కూర్చుండిపోయింది.

ఆమె ఉండిపోయింది. వాళ్ళ మధ్య ప్రేమ మొలకెత్తిందని నేను చెప్పను. వెద్దాదీ పేరు ఆ ఇంట్లో ఇద్దరూ ఎత్తరు. సిదాతీ మనుషులు ఇప్పటికీ జెయ్దాన్ ఎదురైతే మొహం తిప్పుకుంటారు. స్నేబా రబ్బర్లు తెచ్చుకుని షెడ్డుకి వచ్చినప్పుడు జెయ్దాన్ ఒంటిచేత్తో కూర్చుని, తిట్టి తిట్టి, ఆ పని వాడి చేతే చేయించాడు.

భుజం వంకరగా అతుక్కుంది. ఎడమవైపుకి ఒరిగి పడుకోలేడు. అందుకని తెల్లవారుజామున గొలుసు దగ్గరికి ఇద్దరూ వెళతారు. ఎడమ చక్రాల కిందికి ఆమె దూరుతుంది, కుడి చక్రాల కిందికి ఆయన. లారీకి అటూ ఇటూ పడుకుని ఒకరినొకరు తిట్టుకుంటారు. డ్రైవర్లు ఇద్దర్నీ కలిపి తిడతారు.

నిన్న కూడా ఒక పికప్పు గొట్టం కోశారు. ఆ డ్రైవరు నా కొట్టుకి వచ్చి, కూర్చుని, మొగుణ్ణీ పెళ్ళాన్నీ ఏడు తరాలు తిట్టాడు. టీ ఇచ్చాను. మూడో గ్లాసు కూడా తాగాక, బండిని షెడ్డుదాకా తోయాలి, ఒక చెయ్యి వెయ్యమన్నాడు. వెళ్ళి తోశాను.